మూడో అంతస్తులో నోరు చేదు

నా బతాకా మీద ఒట్టు. పాస్‌పోర్టు మీదే వేద్దును గానీ అది కంపెనీ బీరువాలో ఉంది, చేతిలో లేని దాని మీద ఒట్టు వేయడం నాకు నచ్చదు. భార్య మీద వేద్దామంటే ఆమె ఒప్పుకోదు, పెళ్లయిన కొత్తలో వేసిన ఒట్లే ఇంకా తేలలేదంటుంది. అందుకని నా బొమ్మా నా పేరూ ఉన్న ఈ చిన్న గుర్తింపు కార్డు మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను. ఇక్కడ రాసే ప్రతి ముక్కా నిజం. ఈ కార్డు లేకపోతే ఈ దేశంలో నేనే లేనట్టు, ఇక మీరే ఆలోచించుకోండి.

ఇంత గట్టి ఒట్టు ఎందుకంటే మా రూములో నా మాటకు విలువ లేదు. మాది షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఏసీ డక్టులు చేసే వర్క్‌షాప్. ఒకసారి మధ్యాహ్నం డక్టులో పడుకుని నిద్రపోతే నన్ను కూడా కలిపి మాల్ కప్పుకు బిగించేశారనీ, చల్లగాలి తాగుతూ, జాలీలోంచి షేకుల భార్యల షాపింగ్ చూస్తూ గడిపాననీ చెప్పాను. అప్పటి నుంచి నేను వాన పడుతోందన్నా కిటికీ తెరిచి చూసుకుంటారు.

విమానాలు ఆగిపోయిన వేసవి అది, 2020. పని సగమే ఉండేది. గేటు దాటాలంటే కాగితం చూపాలి. క్యాంపు మూడో అంతస్తులో మా రూములో నలుగురం. అందరికంటే పెద్ద కాక, అరవైకి దగ్గర పడ్డాడు. వంట ఆయనదే, తీర్పులూ ఆయనవే. కడప నుంచి వచ్చిన భాయ్ పికప్ నడుపుతాడు, అయిదు పూటలా నమాజ్ చేస్తాడు. మూడో మనిషి బావ. పక్క ఊరివాడు, నాకు వరుసకు బావ, షీట్లు కోసే మిషన్ మీద పని. నాలుగోవాణ్ని నేను.

బావా నేనూ ఏళ్ల తరబడి శుక్రవారం శుక్రవారం కలిసి తాగినవాళ్లం. ఆ వేసవికి ముందు చలికాలంలో ఒకరోజు ఆయన బాత్రూములో నెత్తురు కక్కుకున్నాడు. నేనే పట్టుకుని క్లినిక్‌కు తీసుకెళ్లాను. మలయాళీ డాక్టరు కడుపు నొక్కి చూసి, కాగితాలు చూసి, లివర్ పాడైందన్నాడు. ఇంకోసారి తాగితే క్లినిక్‌కు రావాల్సిన పని కూడా ఉండదని హిందీలో మెల్లగా చెప్పాడు. బయటికొచ్చాక బావ నా చెయ్యి పట్టుకున్నాడు. ఎవరికీ చెప్పొద్దు. రోగం సంగతి క్యాంప్ బాస్ దాకా పోతే కంపెనీ వీసా పొడిగించదు, ఖలాస్. సరేనన్నాను. మానేశాడు.

మానడం తేలికే. ఎందుకు మానావో చెప్పడమే కష్టం. కుర్రాడు తాగకపోతే ఎవరూ పట్టించుకోరు. యాభై దాటినవాడు మానేస్తే పోలీసుల్లా కూర్చోబెట్టి అడుగుతారు. రోగమా, మొక్కా, పెళ్లాం భయమా అని. భాయ్‌ని ఎవరూ అడగరు. ఆయన వద్దంటే అది ఈమాన్, దేవుడి మీద నమ్మకం. మేం వద్దంటే అది నాటకం. చాలాసార్లు ఆయన్ని చూసి కుళ్లుకున్నాను.

నా సంగతి కూడా చెప్పాలి కదా. నేను మానలేదు, తగ్గింది. నలభైల్లో మందు నా మాట వినేది. ఇప్పుడు దాని మాట నేను వినాల్సి వస్తోంది. రెండో గ్లాసుకే మోకాళ్లు మూలుగుతాయి. తెల్లారి రేకు వంచుతుంటే వేళ్లు ఎవరివో తెచ్చి అతికించినట్టుంటాయి. అయినా గ్లాసు ముందుకొస్తే వద్దనే మాట గొంతు దాటదు. వద్దంటే ముసలివాణ్నయ్యానని సంతకం పెట్టినట్టే.

కాబట్టి బావ తరఫున వద్దనే పని నేను తీసుకున్నాను. అబద్ధాలు నాకు చేతనైన పనే. మొదట బీపీ గోలీలు వేసుకుంటున్నాడన్నాను. గోలీలు ఎక్కడని కాక అడిగేసరికి, అబ్బే అసలు సంగతి ఎల్లమ్మకు మొక్కు అన్నాను. కాక పప్పు కలుపుతున్న గరిటె ఆపాడు.

"ఎల్లమ్మకు మొక్కితే తల్లి కల్లు పొయ్యమంటది గని మానమంటదారా? అబద్ధం జెప్పినా అతికేటట్టు జెప్పాలె."

అందరూ నవ్వారు. బావ కూడా నవ్వాడు. నవ్వులో సంగతి మునిగిపోయింది. ఇలాగే ఎన్నాళ్లయినా నెట్టుకొద్దామనుకున్నాం.

జూన్‌లో బావ వాళ్ల అన్న గుండె ఆగి పోయాడు. తండ్రి చిన్నప్పుడే పోయిన ఇంట్లో ఆ అన్నే తండ్రి. బావను చదివించిందీ ఆయనే, దుబాయ్ పంపిందీ ఆయనే, మీసాలు మొలవని వయసులో తాటాకు రేకలో మొదటి కల్లు పోసిందీ ఆయనే. పోదామంటే విమానం లేదు. ఫోన్‌ను కుక్కర్‌కు ఆనించి పెట్టుకుని వీడియోలో దహనం చూశాం. నిప్పు పెట్టే వేళకు బొమ్మ ఆగిపోయింది. అన్న కొడుకు చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది. బావ ఆ ఆగిపోయిన చేతినే చూస్తూ కూర్చున్నాడు, ఏడవలేదు.

మర్నాడు శుక్రవారం. మధ్యాహ్నం అన్నాలు కాకముందు కాక బియ్యం డ్రమ్ములో మోచేతి దాకా చెయ్యి పెట్టి సీసా బయటికి తీశాడు. గేట్లు మూయకముందు అజ్మాన్ దిక్కు నుంచి వచ్చిన సీసా అది. షార్జాలో మందు దొరికితే ముందు జైలు, తర్వాత ఇల్లు. అది తెలిసీ అందరం నోరు మూసుకున్నాం, ఎందుకంటే కాక నోరు చేదు చేస్తానన్నాడు.

మా దిక్కు ఇంట్లో ఎవరైనా పోతే చుట్టాలు కల్లో సారానో తీసుకుని వచ్చి, ఏడ్చిన వాళ్లను కూర్చోబెట్టి తాగిస్తారు. అదే నోరు చేదు. ఆ చేదు పడ్డాకే మళ్లీ అన్నం ముద్ద నోట్లోకి పోవాలి. చుట్టం చేతి గ్లాసు వద్దనకూడదు, వద్దంటే పోయినవాణ్ని వద్దన్నట్టు లెక్క. ఇక్కడ చుట్టాలంటే మేమే. కాక అటు పెద్దాయన చనువుతో, ఇటు ఆచారం బలంతో భాయ్‌ని ఒక్కణ్నే వదిలి, బావకు కూడా కలిపి మూడు గ్లాసులు పెట్టాడు. భాయ్ లేచి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆయన పని కాపలా.

అట్టపెట్టె మీద మూడు గ్లాసులు. బావ మంచం అంచున కూర్చుని వాటినే చూస్తున్నాడు. నేను కళ్లతో వద్దన్నాను. ఆయన నన్ను చూడలేదు.

కాక పోశాడు. ముందు పోయినవాడి పేరు మీద సాక పొయ్యాలి, నేల మీద నాలుగు చుక్కలు. నేలంతా మంచాలు, మిగిలిన జాగాలో భాయ్ నమాజ్ గుడ్డ.

"యాడన్నా పోసుకో కాకా, ఆ గుడ్డ మింద మాత్రం వద్దప్పా," అన్నాడు భాయ్ తలుపు దగ్గర్నుంచే.

కాక కిటికీ రెక్క జరిపి బయటికి నాలుగు చుక్కలు వదిలాడు. అవి పోయి సరిగ్గా కింది అంతస్తు ఏసీ ఫ్యాను మీద పడ్డాయి. ఆ ఫ్యాను వేడిగాలితో పాటు విస్కీ వాసనను ఆవరణంతా కొట్టింది. కింద నీళ్ల ట్యాంకు నీడలో కూర్చున్న వాచ్‌మన్ ముక్కు పైకెత్తాడు. అదే సమయానికి గేటులోంచి క్యాంప్ బాసూ, జ్వరం చూసే మనిషీ లోపలికొచ్చారు. ఆ రోజుల్లో నుదుటి మీద వేడి కొలిచే తుపాకీ పెట్టి రూము రూమూ చూసేవాళ్లు.

"వస్తాండారు," అన్నాడు భాయ్. "మెట్లెక్కతాండారు."

"జల్ది," అన్నాడు కాక. గ్లాసు బావ చేతిలో పెట్టాడు. "అన్న పేరు మీద. ఒక్క గుక్క."

ఇక దాచడానికి టైం లేదు. ఇచ్చిన మాట తప్పాను.

"కాకా, బావకు వద్దు. తాగితే చస్తడు. చలికాలంల నెత్తురు కక్కిండు. డాక్టర్ చెప్పిండు."

కాక నా మొహం వైపు కూడా తిరగలేదు. "ముందుగాల గోలీలంటివి. తర్వాత ఎల్లమ్మంటివి. ఇయ్యాల నెత్తురా? డక్టుల పండుకున్న కత గూడ జెప్పు, ఇంట." తర్వాత బావను అడిగాడు, "నిజమా?"

బావ నన్ను చూశాడు. మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపిస్తోంది. క్యాంప్ బాస్ ఆ మెట్ల మీదే ఉన్నాడు, అది బావకూ వినిపిస్తోంది.

"వాని మాటలు నీకు తెల్వయా కాకా," అన్నాడు.

అన్నాడు, గ్లాసు ఎత్తాడు. గ్లాసు గడ్డం దాకా వచ్చింది. నేను జీవితంలో ఎన్ని అబద్ధాలు చెప్పానో అన్నీ ఒకేసారి నా గొంతుకు అడ్డం పడ్డాయి. ఒక్క నిజానికి దారి లేదు. ఇక ఆలోచించలేదు. మంచం దాటి ఒక్క దూకు దూకి గ్లాసు లాక్కుని, బామ్మర్దికి బావ వంతు తాగే హక్కుంది, అని గటగటా తాగేశాను. నాది కూడా తాగాను. తలుపు మీద చప్పుడైంది.

తర్వాత జరిగింది చాలా వేగంగా జరిగింది. కాక సీసాను బియ్యంలో పాతాడు. గ్లాసులు బకెట్లో మునిగాయి. మేం మాస్కులు లాక్కున్నాం. భాయ్ ఒక చేత్తో గడియ తీస్తూనే, మరో చేత్తో కిటికీ పక్కనున్న సానిటైజర్ సీసా అందుకుని సగం తన చేతుల మీద, సగం తలుపు మీద పోశాడు. లోపలికొచ్చిన క్యాంప్ బాస్ ముక్కు ఎగబీల్చాడు.

"ఏ క్యా స్మెల్ హై?"

"సానిటైజర్, సాబ్," అన్నాడు భాయ్, తడి అరచేతులు రెండూ చూపిస్తూ. మందును ఏనాడూ ముట్టని చేతులు అవి.

ఒక్కొక్కరి నుదుటి మీదా తుపాకీ పెట్టారు. బావ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగింది. ఏమయ్యాడని బాస్ అడిగితే, అన్న చనిపోయాడని భాయ్ చెప్పాడు. బాస్ మాస్కు లోపలే ఏదో ప్రార్థన గొణిగి, పక్క రూముకు వెళ్లిపోయాడు. తలుపు మూసుకున్నాక బావ మొదటిసారి ఏడ్చాడు.

ఇదీ కథ. అప్పటి నుంచి దుబాయ్ నైఫ్ బజారులో చాయ్ కొట్టు దగ్గరా, దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో ఉండే మా ఊరివాళ్ల క్యాంపులోనూ ఎన్నోసార్లు చెప్పాను. విన్నవాళ్లు నా భుజం తట్టారు, ఒకరిద్దరు చాయ్ కూడా తాగించారు.

ఇప్పుడు ఈ బతాకా మీద చెయ్యి ఇంకా అలాగే ఉంది కాబట్టి చెప్పేస్తున్నాను. నాలుగు చుక్కలకు మూడంతస్తుల ఆవరణంతా వాసన వస్తుందా? మీకు అనుమానం రాలేదా? వాచ్‌మన్ ముక్కెత్తింది నిజం. సానిటైజర్ నిజం. గ్లాసు గడ్డం దాకా వచ్చిందీ నిజమే. నేను దూకడం ఒక్కటే అబద్ధం. దాన్ని అతికించడానికి వాసనను ముందుకు జరిపాను. నేను దూకలేదు. నా మాట ఎవరూ నమ్మలేదు కదా అని, గ్లాసు పట్టుకుని ఏసీ కింద నిలబడ్డాను. కదలను కూడా లేదు.

గ్లాసు దించింది బావే. పెట్టె మీద పెట్టి, దాని వైపే చూస్తూ అన్నాడు.

"వాడు జెప్పింది నిజమే కాకా. నాకు భయమైతాంది. సావాలని లేదు."

అంతే. ఆ రూములో ఇన్నేళ్లలో ఎవరి నోటా భయమన్న మాట నేను వినలేదు. జీతాలు ఆగినప్పుడు తిట్టుకున్నారు, మనుషులు పోయినప్పుడు తాగారు, భయమైతాందని మాత్రం ఎవరూ అనలేదు. కాక బావ గ్లాసు తీసుకుని కిటికీ దగ్గరికెళ్లి మొత్తం సాక పోసేశాడు. ఏసీ ఫ్యాను మీద పడ్డది ఆ గ్లాసంతా. వాసన లేచింది అప్పుడు, వాళ్లు మెట్లెక్కింది అప్పుడు. కాక తన గ్లాసు మాత్రం తను తాగాడు, ఆయన సన్యాసి ఏం కాలేదు. నా గ్లాసు నేనే తాగాను. మా ఇద్దరికీ అప్పటికి నోరు చేదయ్యే ఉంది. వారం తిరక్కముందే కాక బావకు విడిగా కారం తగ్గించి వండడం మొదలుపెట్టాడు. క్యాంప్ బాస్‌కు ఈనాటికీ తెలియదు.

నన్ను నేను ఎందుకు దూకించానంటే, భయమైతాందని అన్నవాడి కథ ఎవరు వింటారని అనుకున్నాను. లాక్కుని తాగినవాడి కథ అయితే వింటారు.

మొన్న శుక్రవారం కొత్తగా వచ్చినవాళ్లు గ్లాసు నా ముందుకు జరిపారు. బావ ఎదురు మంచం మీద కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు. నాకూ ఈ మధ్య తాగిన రాత్రి గుండె అదోలా కొట్టుకుంటోంది. బావ అన్న ఆ ఒక్క మాట నేనూ అందామని నోరు తెరిచాను. బావ మజ్జిగ దించి నా మొహంలోకి చూశాడు.

"ఎల్లమ్మకు మొక్కుంది," అన్నాను.