ఫెస్టీ మునెలీ రాసే చోటు

డూనీన్ మొగలో గాలంతో ట్రౌట్ చేపలు పట్టేవాళ్లం నలభై మందిమి. ఏరు సముద్రంలో కలిసే ఆ రెండు మైళ్ల మేరా మా క్లబ్బుదే హక్కు. కార్డు లేనివాడు గట్టున గాలం పట్టుకుని నిలబడితే తగువే. పట్టిన చేప బరువు, పట్టిన చోటు పడవల షెడ్డులోని పుస్తకంలో రాయాలి. బరువు ఎవరూ అబద్ధం రాయరు, తక్కెడ పక్కనే ఉంటుంది. చోటు మాత్రం ఎవరూ నిజం రాయరు. మా నాన్న పాతికేళ్లుగా 'నల్లబండ' అని రాస్తున్నాడు. ఆయన ఆ బండ మీద కాలు పెట్టగా నేను చూడలేదు.

ఫెస్టీ మునెలీ ప్రతిసారీ 'ఐసు ఫ్యాక్టరీ గోడ' అని రాసేవాడు. ఆ ఫ్యాక్టరీ మూతపడి పన్నెండేళ్లు. దాని ముందు తుప్పుపట్టిన ఇనుమూ, మోకాలి లోతు నీళ్లూ తప్ప ఏమీ లేవు. కనీసం నమ్మేటట్టయినా రాయొచ్చు కదా అని నవ్వుకునేవాళ్లం.

ఆ వేసవిలో నవ్వు ఆగింది. జూన్ నెలంతా మా అందరికీ కలిపి పదకొండు చేపలు. ఫెస్టీ ఒక్కడికే పంతొమ్మిది. వంతెన కింద వెతికారు, ఇసుక మేటల మీద వెతికారు. గాలం వేస్తూ అతను ఎక్కడా కనబడలేదు. గాలం కనబడకుండా చేప వస్తోందంటే వలే అని తేల్చారు. వల వేసినవాడి కార్డు లాక్కుంటే చచ్చేదాకా తిరిగి ఇవ్వరు.

ఫెస్టీ ముప్పై ఒక్క ఏళ్లు టపా వ్యాను నడిపాడు. పెళ్లి చేసుకోలేదు. అక్క నోనీతో ఉంటాడు. మాట తక్కువ. అలాంటివాడికి అనుమానం తొందరగా అంటుకుంటుంది. 'ఇన్నేళ్లు మన ఉత్తరాలు మోశాడు, విప్పి చదవలేదని ఏమిటి నమ్మకం?' అని కూడా అన్నారు.

క్లబ్బు కార్యదర్శి కన్సెప్టా రువేన్ నన్ను పిలిచింది.

"చదువు మానేసి ఖాళీగానే ఉన్నావుగా, కహల్. అతని వెనకాల వెళ్లు. వల కళ్లారా చూశానని ఆదివారం మీటింగులో ఒక్కడు చెబితే చాలు, కార్డు తీసేస్తాం."

"వల లేకపోతే?"

"ఉంటుందిలే. పంతొమ్మిది చేపలు ప్రార్థన చేస్తే వచ్చాయా?"

నాకూ అనుమానమే. దాచను.

గురువారం పొద్దున్న, పోటు తీస్తున్న వేళ, అతని సైకిలు వెనకాల వెళ్లాను. నేరుగా ఐసు ఫ్యాక్టరీకి పోయింది. వల ఇక్కడ దాస్తున్నాడన్నమాట అనుకుని కూలిన షెడ్డులో దూరాను. ఫెస్టీ గోడ మీద కూర్చుని టీ తాగాడు. గాలపు కర్ర బిగించి, గాలం గోడ కిందికే విసిరాడు. మూడోసారికి కర్ర వంగింది. వెండి రంగు చేప, తోక దగ్గర సముద్రపు పేలు ఇంకా వేలాడుతున్నాయి, ఉప్పునీళ్లనుంచి అప్పుడే వచ్చిందన్నమాట. వలలో పడిన చేపకి మొప్పల వెనక పొలుసులు రాలిపోతాయి. దీనికి ఒక్కటీ ఊడలేదు.

"బయటికి రా. అందులో ఎలుకలుంటాయి" అన్నాడు, వెనక్కి తిరక్కుండానే.

వెళ్లాను. "ఇంత లోతులేని చోట చేపేమిటి?"

"గోడ కింద ఊట ఉంది. ఫ్యాక్టరీ ఇక్కడ కట్టిందే దానికోసం. చల్లనీళ్లకి చిన్నచేప వస్తుంది, దాన్ని తినడానికి పెద్దది. టపా తెచ్చి, మేనేజరు సంతకం పెట్టేదాకా రోజూ ఇక్కడే నిలబడేవాణ్ణి. చూడక ఏం చేస్తాను?"

"అంటే పుస్తకంలో నిజమే రాశారా?"

"చోటు రాయమన్నారు, రాశాను. మీరంతా ఏం రాస్తారు?"

మొగంతా గాలించాం, అతను రాసిన చోట తప్ప. రాసిన చోట మనిషి ఉండడని మాకు పుట్టినప్పటినుంచీ తెలుసు.

ఆదివారం మీటింగు సంగతి అతనికి చెప్పాను. చేపని తడిగుడ్డలో చుడుతున్న అతని చేతులు ఆగాయి.

"కార్డు పోతే పొద్దున్నే లేచి నేనేం చెయ్యాలబ్బాయ్?" అన్నాడు. గుడ్డ ముడేసి, "నువ్వు నిజం చెప్పినా నలభై మందీ ఇక్కడికే వస్తారు. అప్పుడూ ఈ చోటు పోయినట్టే."

అయినా ఆదివారం మీటింగులో చెప్పాను. వల లేదు, ఐసు ఫ్యాక్టరీ గోడ దగ్గర గాలంతోనే పడుతున్నాడు, నా కళ్లతో చూశాను అన్నాను. పడవల షెడ్డంతా నవ్వింది. మా నాన్న కూడా.

"ఎన్ని చేపలిస్తానన్నాడ్రా?" అని వెనకనుంచి ఎవరో అడిగారు.

కన్సెప్టా నవ్వలేదు. "అసలు చోటు నీకు చూపించాడన్నమాట" అంది, కళ్లు చిట్లించి.

వల చూసిన సాక్షి లేడు. ఫెస్టీ కార్డు ఫెస్టీకే మిగిలింది. గోడ దగ్గరికి ఒక్కడూ పోలేదు. నేను ఎటు వెళ్లినా వెనక ఎవరిదో ఒక కారు రావడం మాత్రం మొదలైంది.

బుధవారం దాన్ని తప్పించుకుని, చేల మీదుగా చుట్టుతిరిగి ఫెస్టీ దగ్గరికి వెళ్లాను. గోడ మీదే ఉన్నాడు.

"గాలం తెచ్చావా?"

"లేదండీ."

"జేబులు చూపించు."

రెండూ బయటికి తిప్పి చూపించాను, కొక్కెం గానీ దారం గానీ లేవు. టీ ఇచ్చాడు. కానీ నేను వెళ్లిపోయేదాకా గాలం నీళ్లలో వెయ్యలేదు.