ఎర్ర స్టిక్కరు

కోవిడ్ వార్డులు ఎత్తేసిన మరుసటి ఏడు నన్ను బళ్ళారి జిల్లాలో మా తాలూకాలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పుల గది ఇన్‌ఛార్జిగా వేశారు. ఆసుపత్రి పేరు చెప్పను. తప్పు దానిది కాదు, నాది. స్టాఫ్ నర్సుగా అప్పటికే పాతికేళ్లు దాటాయి, కాన్పుల్లో నాకు తెలియనిది లేదనుకునేదాన్ని. ఆ పొగరు ఒక్క పూటలో దిగింది.

మా దగ్గర ప్రతి గర్భిణికీ తాయి కార్డు, అంటే తల్లి కార్డు, ఉంటుంది. బీపీ, రక్తం తక్కువ, పాత ఆపరేషన్ లాంటి చిక్కులుంటే దాని మీద ఎర్ర స్టిక్కరు అంటిస్తాం. డ్యూటీ మారినా సిబ్బంది చూడగానే జాగ్రత్తపడాలని ఆ ఏర్పాటు.

ఆ ఉదయం హచ్చొళ్ళి నుంచి హులిగెమ్మ రెండో కాన్పుకు వచ్చింది. అప్పటికే గర్భసంచి నోరు ఏడు సెంటీమీటర్లు తెరుచుకుంది, నొప్పులు మూడు నిమిషాలకొకటి. మధ్యాహ్నం లోపే అయిపోతుందని నేనే చెప్పాను. టేబులు మీద డాక్టరు రాసిన చీటీ ఉంది: హులిగెమ్మ, హచ్చొళ్ళి, రక్తం తక్కువ. సరేనని ఎర్ర స్టిక్కరు అంటించి, కార్డు మంచానికి తగిలించాను. అదేందని ఆమె అడిగింది. నాకసలే కోపం ముక్కు మీదుంటుంది. అది మా పని, నీకెందుకన్నాను.

గంటకు నొప్పులు పలచబడ్డాయి. ఇంకో గంటకు ఆగిపోయాయి. బీపీ పెరిగింది, చేతులు చల్లబడ్డాయి. పార్టోగ్రాఫ్ అని, కాన్పు ఎంత దూరం వచ్చిందో గీత గీసి చూసే కాగితం ఒకటుంటుంది. అందులో పైకి పోవలసిన గీత అడ్డంగా పడుకుంది. డాక్టరు చూసి, బళ్ళారి పెద్దాసుపత్రికి పంపుదాం, ఆపరేషన్ అవసరం పడొచ్చు అన్నారు. అంబులెన్సుకు ఫోన్ చేశాం.

బళ్ళారికి పంపే కాగితంలో రక్తం ఎంతుందో రాయాలని రిజిస్టరు తిప్పాను. ఈ హులిగెమ్మకు రక్తం బాగానే ఉంది. కింది వరసలో ఇంకో హులిగెమ్మ, అదే ఊరు, ఏడో నెల, ఆ ఉదయమే చెకప్‌కు వచ్చింది. చీటీ ఆమెది! అయ్యో దేవుడా, ఏం చేశానని రిజిస్టరు చేత్తో పట్టుకునే లేచాను. మంచం దగ్గరికి పోతే ఆమె చూపు ఆ స్టిక్కరు మీదే ఉంది; ఎందుకు భయపడుతున్నావని మొదటిసారి అడిగాను.

"మా వీధిలో దురగమ్మకూ ఇట్లాంటిదే అంటించినారు సిస్టరమ్మా. బళ్ళారికి పోయింది, తిరిగి రాలే. నేనూ అంతే గదా? నా పెద్దదాన్ని ఎవురు చూస్తారు?"

ఆమె కళ్ల ముందే స్టిక్కరు పీకేశాను. ఇది నీది కాదు తల్లీ, తప్పు నాది అని రిజిస్టరు చూపించాను. పక్కనున్న అత్త విరుచుకుపడింది. "సుమ్నె, ఊరికే అంటించినారా? నా కోడలి పానం పోతాండాది ఈడ!" హులిగెమ్మ మాత్రం భోరున ఏడ్చి, కాఫీ అడిగింది.

డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పి గంట గడువు అడిగాను. బిడ్డ గుండె చప్పుడు బాగానే ఉందని చూసుకుని ఒప్పుకున్నారు. అంబులెన్సు వాకిట్లో నిలబడింది. ఏ ఇంజెక్షనూ ఇవ్వలేదు, నొప్పులు వాటంతటవే తిరిగొచ్చాయి. గంట దాటకముందే ఆడపిల్ల పుట్టింది. ఇంకొకరు చెబితే నేను నమ్మేదాన్ని కాదు. చేతులు కడుక్కుంటూ పాతవన్నీ తలుచుకున్నాను. మంచం పక్కన నిలబడి "ఈమెది కష్టమే" అని ఆ పాతికేళ్లలో ఎంతమంది చెవిన వేశానో!

రెండో హులిగెమ్మ వరండాలోనే ఉంది. ఆమె చీటీ నా దగ్గర ఇరుక్కుపోవడంతో పొద్దుటినుంచి ఎవరూ పిలవలేదు. పక్కన కూర్చుని, రక్తం తక్కువుంది, ఐరన్ ఎక్కిస్తే పెరుగుతుంది, ఎర్ర స్టిక్కరు నిన్ను ఎక్కువగా కనిపెట్టుకుని ఉండమని మాకు గుర్తు అని చెప్పాను. ఆమెదీ హచ్చొళ్ళే, దురగమ్మను ఎరుగును.

"దురగమ్మకు ఇది ఎవురన్నా చెప్పినారా?" అంది.

చెప్పలేదు. ఇక్కడికి వచ్చిన కొత్తలో దురగమ్మ కార్డు మీద అంటించింది కూడా నేనే. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ముందు మనిషికి చెప్పకుండా ఏ కార్డుకూ స్టిక్కరు అంటించలేదు.