యాక్షన్‌లో వేషం

మా ఆఫీసు టీలో పాలపొడి ఉండలు కరగవు. ఫిర్యాదు చేస్తే, నమలమన్నారు. ఆ వాసనకు బోయిగూడ మిషన్ కాంపౌండ్ గుర్తొస్తుంది.

నా చిన్నప్పుడు, నిజాం మీద పోలీస్ యాక్షన్ జరిగిన ఏడాది చలికాలంలో, అక్కడ దొరసాని తన దేశం నుంచి వచ్చిన పాలపొడి పంచేది. కుటుంబ యజమాని స్వయంగా వస్తేనే డబ్బా ఇవ్వాలన్నది ఆమె నియమం. టీచరైన మా అమ్మ పేర్లు రాసుకునేది.

ఏదో జిల్లా నుంచి వచ్చిన ఖాసింబీ చంకలో పసిపిల్ల ఏడవడం కూడా మానేసింది.

"మీ ఆయన్ని తీసుకురావాలమ్మా," అంది అమ్మ.

"ఆయన పోలీస్ యాక్షన్ల పోయిండమ్మా."

నాకు తెలిసిన యాక్షన్ నాటకాల్లోదే. క్రిస్మస్ నాటకంలో నాకు గొర్రె వేషమిచ్చారు కాబట్టి, కొంచెం కుళ్లుకున్నాను కూడా.

"ఏం వేషం?" అని అడిగాను.

ఖాసింబీ డబ్బా మీంచి చూపు తిప్పలేదు.

"పీనుగ వేషం, బిడ్డా. ఇంకా లేస్తలేడు."