మైకులో చదివిన పేర్లు

ఆళ్లగడ్డలో హార్మోనియంలు బాగుచేసే ఒక మిత్రుడు తత్వాలు పాడతాడు. భజనలకు పిలుపులు తగ్గాక, పాడిన పాటలు ఫోన్‌లో పెట్టడం మొదలుపెట్టాడు. వినేవాళ్లలో కొందరు నెలనెలా తోచినంత డబ్బు పంపుతామన్నారు. మధ్యలో కంపెనీ లేదు, కాంట్రాక్టరు లేడు. ఆ కొద్దిమంది నిలబడితే చాలు, హార్మోనియం పెట్టె మోసుకుని ఊళ్లు తిరిగే బాధ తప్పుతుందని ఆయన ఆశ.

వాళ్ల కోసం ఒక ఆదివారం ఉదయం తొలిసారి లైవ్ పెట్టాడు. పేపర్లో పనిచేసిన నన్ను నంద్యాల నుంచి రమ్మన్నాడు. బస్సు దిగి వెళ్లేసరికి పక్క షెడ్డులోని శిల్పులను బతిమాలి ఉలి చప్పుళ్లు ఆపించేశాడు. నా చేతిలో ఒక కాగితం పెట్టాడు.

"పాట అయినాక పేర్లు నువ్వు చదువన్నా. పేపరోనివి, తడబడకుండా చదువుతావ్."

మా వైపు భజనల్లో అదే పద్ధతి. ఇచ్చినవాళ్ల పేరు, ఇంటిపేరు, ఊరు మైకులో చెప్పాలి. చెప్పకపోతే అవమానించినట్టే. అందుకే డబ్బు పంపేవాళ్లందరినీ పేరు, ఊరితో సహా రాసి పంపమన్నాడు. ఎందుకో చెప్పలేదు. వేరే చెప్పాలా అనుకున్నాడు. నేనూ అడగలేదు.

ఆ రోజు ఆయన పాడినట్టు మళ్లీ పాడగా నేను వినలేదు. తర్వాత పేర్లు చదివాను. గోస్పాడు మాస్టారి పేరు అయింది, నంద్యాల మిల్లు గుమాస్తాది అయింది, వెలుగోడులో ఒక దుకాణదారు ఇల్లాలిదీ అయింది.

లైవ్ ఆపి టీ గ్లాసులు అందుకున్నామో లేదో, ఆ వెలుగోడు ఆమె ఫోన్ చేసింది. మిత్రుడు స్పీకరులో పెట్టాడు. ఆమె గొంతు బాగా తగ్గించి మాట్లాడుతోంది.

"నా పేరు ఎవురు చదవమన్నారన్నా? పంపుతాండానని ఇంట్లో ఎవురికీ తెల్దు. మా బావ ఇన్నాడంట. మా ఆయన అన్నానికొచ్చే లోపల తీసేయ్. నీకు దండం పెడతా."

ఫోన్ పెట్టేసింది. ఆ ముక్క ఒక్కటే కత్తిరించడం మా ఇద్దరికీ రాదు. తీస్తే మొత్తం తీయాలి. లైవ్ ముగిసినా వీడియో అక్కడే ఉండి, చూసేవాళ్లు పెరుగుతూనే ఉన్నారు.

"తీసెయ్యప్పా," అన్నాను.

"నీదేముందిలే, చదివి బస్సెక్కుతావ్. పేరు చదివి తుడిచేసినాడని రేపు అందరూ అడిగేది నన్ను." ఆ మాట అంటూనే తీసేశాడు.

కాసేపటికి ఇంకో నంబరు మోగింది. ఈసారి మగగొంతు.

"పొద్దున పాట పెట్టినావంట, యాడ పోయిందప్పా? మా ఇంట్లోవాళ్ల పేరు చదివినారంట కదా?"

మిత్రుడు ఫోన్ నా వైపు జరిపాడు.

ఎన్నో ఏళ్లు పేర్లు, ఊళ్లు సరిచూసి అచ్చుకు పంపినవాణ్ని. ఒక్క అక్షరం తప్పినా మర్నాడు సవరణ వేయించేవాణ్ని.

"చదివింది నేనన్నా," అన్నాను. "ఊరు తప్పు చదివినా. ఆ పేరామె వేరే, ఆమెది వెలుగోడు కాదు. అందుకే తీసేసినాం."

అవతల అంగట్లో ఎవరో బేరమాడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"యా ఊరు మరి?"

"బేతంచెర్ల," అన్నాను. ఎందుకు ఆ ఊరే నోటికొచ్చిందో తెలియదు.

"నువ్వెవరు?"

"పేపర్లో పనిచేసినవాణ్ని."

"అట్ల చెప్పు. మీకు తప్పులు మామూలే కదా," అని నవ్వి పెట్టేశాడు. ఆ నవ్వు నమ్మినవాడిదో కాదో ఎంత ఆలోచించినా తేలలేదు.

ఆమెకు ఫోన్ చేసి ఈ సంగతి చెబుదామంటే మిత్రుడు ఒప్పుకోలేదు. "ఈ లోపల ఆయన ఇంటికొచ్చుంటే?" అన్నాడు. నిజమే. ఏం చెప్పామో ఆమెకు తెలియదు, అక్కడ ఏం జరుగుతోందో మాకు తెలియదు. పక్క షెడ్డువాళ్లు వచ్చి ఇక పని మొదలుపెట్టుకోవచ్చా అని అడిగారు. మేము ఆ ఫోన్ వైపే చూస్తూ కూర్చున్నాం.