నేనిచ్చిన హారతి పళ్ళెం

మా వార్డు అభ్యర్థి మాస్కు ఎప్పుడూ గడ్డం కిందే ఉండేది. నోటికీ ముక్కుకీ కాదు, గడ్డానికేదో జబ్బు చేసినట్టు. దాన్ని కుట్టింది నేనే కాబట్టి ఆ మాస్కు సంగతి నాకు బాగా తెలుసు. మిగిలిపోయిన జెండా గుడ్డ అది, నిగనిగలాడే శాటిన్. రెండు పొరలు వేస్తే ఊపిరాడదు, ఒక పొర వేస్తే గుర్తు అద్దిన రంగు పెదాలకు అంటుకుంటుంది. ఈ గుడ్డ పనికిరాదని చెప్పి చూశాను. గుర్తు సరిగ్గా నోటి మీదికి రావాలి, చెంప మీదికి జరగకూడదు, అది మాత్రం చూసుకోమన్నారు. మనుషులు ఏమైపోయినా సరే, గుర్తు నడిమధ్యన ఉండాలి.

తిరుచానూరు పోయే దారిలో నాదొక చిన్న కుట్టుమిషన్ కొట్టు. కరోనా మొదటి ఏడాది పెళ్ళిళ్ళు ఆగిపోయాయి, యాత్రికులు రాలేదు, జాకెట్టు గుడ్డ పట్టుకుని నా గడప తొక్కిన ఆడది లేదు. వాయిదా పడుతూ వచ్చిన వార్డు ఎన్నికలు సరిగ్గా రెండోసారి జబ్బు విజృంభించే వేళకు వచ్చి పడ్డాయి. ఆ ముహూర్తం పెట్టిన మహానుభావులకు దండం పెట్టాలి.

మా అభ్యర్థి ఒక లాడ్జి యజమాని. ఆయన కంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా ఆయన్ని అన్న అనే పిలిచేవాళ్ళు. ఒంటి గది ఇళ్ళల్లో ఎవరికైనా జబ్బు వస్తే వేరుగా ఉంచడానికి చోటు లేదు, ఖాళీగా పడున్న గదుల్లో రెండు ఇవ్వమని మొదటి ఏడాదే మా వీధివాళ్ళం ఆయన్ని అడిగాం. ఆ మందుల వాసన గోడలకు పడితే రేపు యాత్రికులు దిగరని చెప్పి పంపించేశాడు. ముప్పై గదులు, ముప్పై తాళాలు. ఎన్నికలు రాగానే అదే లాడ్జి కింది హాలు ప్రచారం ఆఫీసయింది. ఆ తాళం ఎంత సులువుగా వచ్చిందో చెప్పలేను.

అలాంటివాడి దగ్గరికి నువ్వెందుకు పోయావని అడుగుతారేమో. సేవ అనీ, వార్డు బాగు అనీ అప్పట్లో నలుగురికీ చెప్పుకున్నాను. అంతా అబద్ధం. నా మెడలో ఒక కార్డు వేశారు. దాని మీద నా ఫొటో, కింద 'మహిళా ఇన్‌చార్జి' అని అచ్చు. ఇరవై ఏళ్ళు మిషన్ ముందు వంగి కూర్చున్నదాన్ని, ఎవరో మేడమ్ అనగానే మెడ దానంతట అదే లేచింది. ఆ కార్డు కోసం పోయాను. ఇప్పుడు వాళ్ళని తిడుతున్నానంటే, నన్ను కూడా కలుపుకునే తిడుతున్నాను.

నా పని ఓటర్ల లిస్టు పట్టుకుని ఇల్లిల్లూ తిరగడం. జబ్బున్న ఇంటి పేర్ల పక్కన ఎర్ర పెన్నుతో గుండ్రం చుట్టాలి. వాళ్ళకు బియ్యం పంపుతారేమో, మందులు పంపుతారేమో అనుకుని శ్రద్ధగా చుట్టాను. అన్న పొరపాటున ఆ ఇళ్ళ ముందు ఆగకుండా ఉండడానికట! పాపం, ఆయన ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోవాలి కదా.

మా ఇంటి పక్క ఇల్లు పూలక్కది. అమ్మవారి గుడి ముందర గంప పెట్టుకుని పూలమ్మేది. అరవై దాటినా, మల్లెలూ మరువం కలిపి కడుతుంటే ఆమె వేళ్ళు కంటికి ఆనేవి కావు. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. నాకు జ్వరమొస్తే రసం కాచి తెచ్చేది ఆమే, నా మిషన్ పాడైతే నాకంటే ఎక్కువ దిగులు పడేది ఆమే. జబ్బు రోజుల్లో ఆమె గడప దాటకుండా మూరెడు పూలు కట్టుకుని తన దేవుడి పటానికి వేసి ఊరుకునేది.

ఆమెను గడప దాటించింది నేను.

పోలింగుకు ఎనిమిది రోజుల ముందు అన్న మా వీధికి వస్తాడని కబురొచ్చింది. నలభై మంది ఆడవాళ్ళు హారతి పళ్ళేలతో వరసగా నిలబడాలి, ఫొటోలు పేపరుకు పోవాలి. ఆ నలభై మందిని పోగుచేసే బాధ్యత మహిళా ఇన్‌చార్జిది. పొద్దున లాడ్జి హాలుకు పోయేసరికి అన్న కుర్చీలో కూర్చుని దగ్గుతున్నాడు. మామూలు దగ్గు కాదు, కళ్ళలో నీళ్ళు తిరిగే దగ్గు. నేను అలాగే నిలబడి చూస్తుంటే, పక్కనే ఉండే ఆయన అనుచరుడు రాత్రి ఏసీ పడలేదని చెప్పాడు. ఊళ్ళో ఎటు చూసినా అదే దగ్గు. నాకు అనుమానం రాలేదంటే అబద్ధమవుతుంది. వచ్చింది. కానీ నలభై మంది లెక్క ఇంకా తేలలేదు, నాకు ఆ దిగులే పెద్దదైంది.

పూలక్క వస్తానంది, నా మాట తీసేయలేక. ఆమె చేతిలో సొట్టలు పడిన స్టీలు పళ్ళెం చూసి నాకు నామోషీ వేసింది. ఫొటోలో సొట్ట పళ్ళెమా! మా ఇంట్లోకి పోయి, మా అమ్మ నా పెళ్ళికి నా పేరు చెక్కించి ఇచ్చిన ఇత్తడి పళ్ళెం తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. అందరి కంటే ముందు నిలబెట్టాను.

దూరం దూరంగా నిలబడడానికి వీధిలో సున్నంతో గుండ్రాలు గీయించారు. ఆ గుండ్రాల ముచ్చట ఫొటోలు తీసేవాడు వచ్చేదాకానే. మధ్యలో ఖాళీలుంటే జనం పలచగా కనిపిస్తారని వాడు అందరినీ భుజానికి భుజం ఆనించి నిలబెట్టాడు. మొహాలు కనిపించాలని మాస్కులు తీయించాడు. అన్న వచ్చాడు. మాస్కు గడ్డం కింద. మొదటి పళ్ళెం ముందుకు వంగాడు, హారతి కళ్ళకద్దుకోబోతూ దగ్గాడు. పిడికిలి అడ్డం పెట్టుకుని మళ్ళీ దగ్గి, అదే చేత్తో పళ్ళెంలో నోటు వేసి, అదే చేత్తో పూలక్క చెయ్యి పట్టుకుని ఫొటోకు నవ్వాడు.

ఆయన ముందుకు కదలగానే పూలక్క నావైపు తిరిగింది.

"ఏమ్మే, ఆయప్ప అట్ల దగ్గతా ఉండాడే?"

"ఏసీ పడలేదంటక్కా" అన్నాను. ఎంత నమ్మకంగా అన్నానో!

నాలుగో రోజుకు ఆమెకు జ్వరం. ఆ వరసలో ఇంకో ఆరుగురికి కూడా. పరీక్ష చేయిస్తే పూలక్కకు పాజిటివ్. నా లిస్టులో ఆమె పేరు పక్కన నా చేత్తోనే ఎర్ర గుండ్రం చుట్టాను. రోజూ కిటికీలోనుంచి గంజి అందించేదాన్ని. ఏమీ లేదులే, ఒళ్ళు నొప్పులే అనేది. పోలింగు రోజు పొద్దున మాత్రం ఆమె మాట ఒక్క ఊపిరిలో రాలేదు. రెండు మాటలకొకసారి ఆగుతోంది. ఆశా వర్కరు వచ్చి వేలికి మిషన్ పెట్టి చూసి, ఆక్సిజన్ బాగా పడిపోయింది, సాయంత్రంలోగా పెద్దాసుపత్రికి చేర్చకపోతే కష్టమని నాతో విడిగా చెప్పి పోయింది.

అంబులెన్సుకు ఫోన్ చేస్తే ముందు చాలామంది ఉన్నారన్నారు. ఆటోవాళ్ళు ఇంటి నంబరు వినగానే ఫోన్ పెట్టేశారు. ఇక నాకు మిగిలింది అన్న. ఆ రోజు వార్డులో ఆయన కార్లు ఆరు తిరుగుతున్నాయి. ఆరుసార్లు ఫోన్ చేశాను. ప్రతిసారీ అనుచరుడే ఎత్తాడు. పోలింగ్ అయిపోనీ మేడమ్ అన్నాడు. అన్నకు చెప్తాలే మేడమ్ అన్నాడు. ఆఖరికి, ఓటు పడే వేళ ఈ గోల ఏందని విసుక్కున్నాడు. పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టిన నేను మధ్యాహ్నం మూడు దాకా మెడలో ఆ కార్డుతోనే వీధి మొగలో నిలబడి వచ్చే పోయే బండికి చెయ్యి ఎత్తాను. మేడమ్‌కు ఎవరూ ఆపలేదు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న అంటారే, ఈయన ఏరు మధ్యలోనే బోడి మల్లన్న అన్నాడు.

ఐదు గంటలకు మాత్రం కారు వచ్చింది. నేను పిలిచినందుకు కాదు. జబ్బున్నవాళ్ళు ఆఖరి గంటలో ఓటు వేయవచ్చని నియమం. ఇన్ని రోజులు ఎవరి గడప తొక్కకుండా తప్పించుకోవడానికి ఎర్ర గుండ్రాలు చుట్టించారో, ఆ గుండ్రాలన్నీ ఇప్పుడు ఓట్లయ్యాయి. కారు వెనకే మోటార్‌సైకిల్ మీద వచ్చిన అనుచరుడు నా లిస్టు పట్టుకుని దిగాడు, చేతిలో ప్లాస్టిక్ సూటు. ఊపిరందక ఎగపోస్తున్న మనిషికి దాన్ని తొడగమని నాకిచ్చి, తను పది అడుగుల దూరంలో నిలబడ్డాడు. పది నిమిషాల పని, వేలికి సిరా పూయించి మళ్ళీ మంచం మీద పడుకోబెడదాం అన్నాడు. ఆమె కారెక్కుతుంటే సెల్లుతో ఫొటో తీశాడు. కారులో ఆమెతో కూర్చోవడానికి భయపడి, తను మోటార్‌సైకిల్ మీద లిస్టులోని తర్వాతి ఇంటికి పోయాడు. నా జీవితంలో ఒక పిరికితనానికి నేను రుణపడి ఉన్నానంటే అది అదే.

కారు నడిపేది కొండకు యాత్రికుల్ని తిప్పే బాడుగ డ్రైవరు, యాభై ఏళ్ళ మనిషి. ఎన్నికల కోసం కుదిరినవాడు. నేను వెనక సీట్లో పూలక్క తల ఒళ్ళో పెట్టుకుని, బూతుకు కాదు, పెద్దాసుపత్రికి పోనీయమన్నాను. అతను అద్దంలో మమ్మల్ని చూశాడు. బండి పక్కకు తీసి ఆపాడు. దింపేస్తాడనుకున్నాను.

"హారతికి ముందు రోజు అన్నను పరీక్షకు తీసకపోయింది నేనే అక్కా. పాజిటివ్ అన్నారు. ఎవురికీ చెప్పొద్దన్నాడు, చెప్పలా" అన్నాడు. తర్వాత స్టీరింగు ఆసుపత్రి దారికి తిప్పాడు.

నా ఒళ్ళో పూలక్క కళ్ళు మూసుకుని ఉంది. విందో లేదో తెలియలేదు. ఏసీ పడలేదట! ఆ మాట చెప్పినవాడిని కొట్టాలనిపించింది. దాన్ని మోసుకొచ్చి నలభై మందికి పంచినదాన్ని ఏం చేయాలో తెలియలేదు. ఆసుపత్రి వరండాలో గంటన్నర కూర్చున్నాం. ఏడు కావస్తుంటే ఒక సిస్టర్ వచ్చి ఆక్సిజన్ పెట్టింది. అప్పటికి పోలింగు అయిపోయింది. ఆమె ఓటు వేసిందని, అక్కడే ఆయాసం ఎక్కువైతే ఆసుపత్రికి తెచ్చామని డ్రైవరు అనుచరుడికి ఫోన్లో చెప్పాడు. నమ్మాడు మహానుభావుడు.

అన్న గెలిచాడు. జబ్బు కూడా ఆయన్ని ఏమీ చేయలేదు, అలాంటివాళ్ళను అదీ ముట్టదు. పూలక్క పద్దెనిమిది రోజులకు ఇల్లు చేరింది. సగం మనిషయింది. ఆమె వచ్చేటప్పటికి వీధి మొగలో పెద్ద ఫ్లెక్సీ కట్టి ఉంది. ఒకపక్క దండం పెడుతున్న అన్న, ఇంకోపక్క ప్లాస్టిక్ సూటులో కారెక్కుతున్న పూలక్క, మధ్యలో 'ప్రాణదాత'. సిగ్గనేది దుకాణంలో దొరికేదైతే నేనే కొని పంపేదాన్ని.

విజయయాత్ర మా వీధికి వచ్చే ముందు రోజు అనుచరుడు ఫోన్ చేసి, ఆమెను హారతితో ముందు వరసలో నిలబెట్టమన్నాడు. నేను ఆ కార్డు కత్తిరించి మిషన్ పక్క చెత్తడబ్బాలో వేసి, పూలక్క ఇంటికి పోయాను. నిజం చెప్పేయాలని. కారు దారి మళ్ళించింది నేననీ, ఆ ఫ్లెక్సీ అబద్ధమనీ, రేపు గడప దాటవద్దనీ.

ఆమె గడప మీద కూర్చుని పూలు కడుతోంది. వేళ్ళు ఇప్పుడు కనిపిస్తున్నాయి, అంత నిదానంగా కదులుతున్నాయి. నేను చెప్పిందంతా విన్నది. ఇంతలేసి కళ్ళు చేసి ఆశ్చర్యపోతుందనుకున్నాను. ఆశ్చర్యపోలేదు.

"తెలుసులేమ్మే. కార్లో మాట్లాడుకుంటా ఉంటే ఇన్న్యా. అయినా రేపు హారతి పడతా" అంది.

మరి రేపు హారతి ఎందుకు పడతావని అడిగాను. నా గొంతు పెద్దదయిందేమో, చెయ్యి ఎత్తి తగ్గించమంది. గుడి ముందర తన గంప ఉండే చోటు ఇక ఆయన చేతుల్లో ఉందని, పట్టకపోతే ఆ జాగా ఇంకొకరికి పోతుందని చెప్పింది. దారం తెంపి, ముడి వేసి, లోపలికి పోయి ఒక గుడ్డమూట తెచ్చింది. విప్పితే నా ఇత్తడి పళ్ళెం.

"ఆయప్ప నాకేమయితాడు? ఓటుకొచ్చినోడు. దగ్గు దాసుకున్నాడు, దాసుకుంటాడు. నేను ఆయప్పను అడగలేదు గదమ్మే, నిన్ను అడిగినా. ఏసీ పడలేదంటివి."

కోపంగా అనలేదు. పూల ధర చెప్పినట్టు చెప్పింది. రేపటికి తన సొట్ట పళ్ళెమే చాలునని, ఇది తీసుకుపొమ్మని నా చేతిలో పెట్టింది. చింతపండు పెట్టి తోమినట్టుంది, అడుగున నా పేరు ఒక్కొక్క అక్షరమూ తేటగా కనిపిస్తోంది.