వీపు చూపించిన పళ్ళాలు

మీరు అన్నం తినే పళ్ళేన్ని ఎన్నడైనా తిరగేసి చూశారా? చూడలేదు కదా! నేనూ చూడలేదు. చూడడం నేర్పిన మా చాచా మొన్న శుక్రవారం పొద్దున పంజాగుట్టలో, తన ఇంట్లోనే కన్ను మూశారు.

చాచా మాకు చుట్టం కాదు. ఒక దేవిడీలో, అంటే నవాబుల పాత బంగళాలో, పింగాణీ సామాన్ల గదిని చాలా ఏండ్లు కనిపెట్టుకొని ఉన్న మనిషి. అక్కడ పనివాళ్ళు తెల్ల పళ్ళాల మీద చేత్తో పూలు వేసి, బట్టీలో కాల్చేవారు. అంచు విరిగిందని పారేసినవి చాచా ఇంటికి తెచ్చుకునేవారు. గూట్లో వరసగా నిలబెట్టేవారు, బొమ్మ గోడవైపు, వీపు మనవైపు!

"గిదేం పద్ధతి చాచా? పూలన్నీ గోడకు చూపిస్తున్నవు!"

"పూలు చూసెటోళ్లు మస్తుగున్నరు పాదిరీ. చేసినోని నిషానీ చూసెటోడు ఏడి?"

నేను పాదిరీని కాను, ఊరికే వాక్యం చెప్పేవాణ్ణి అంటే, "గంత గట్టిగ అరిచెటోడు పాదిరీ కాకుంటే ఎవడు?" అని నవ్వేవారు.

ప్రతి పళ్ళెం అడుగున, కాల్చాక పనివాడు రంగుతో వేసుకున్న గుర్తు ఒకటి ఉండేది. ఒకరిది చేప, ఒకరిది గోధుమ కంకి. ఏది ఎవరిదో చాచాకే తెలుసు. చూపు మందగించాక ఉబ్బెత్తు రంగును బొటనవేలితో తడిమి పేరు చెప్పేవారు. బైబిల్లో ప్రవక్త కుమ్మరి ఇంటికి పోయిన సంగతి ఎన్నిసార్లు బోధించానో! అది నాకు అర్థమైంది మాత్రం ఆ గూటి ముందే.

మా అమీర్‌పేట ప్రార్థన కూడికలో రొట్టె పంచే ప్రభువు బల్లకు మంచి పళ్ళెం లేదంటే దానిమ్మ పూలది ఇచ్చారు. పరిశుద్ధమైన పని కదా అని, బూడిదా ఇటుకపొడీ పెట్టి నేనే రెండువైపులా తోమాను. తిరిగి ఇచ్చినప్పుడు చాచా బొటనవేలు అడుగున తిరిగింది. మళ్ళీ తిరిగింది. ఆగింది.

"పువ్వు మిగిలింది. పేరు పోయింది," అన్నారు మెల్లగా. "ఫికర్ చేయకు, నాకు యాదున్నది. జర కూసో, రాసుకో."

కూడికకు ఆలస్యమవుతోంది. "ఆదివారం వచ్చి అన్ని పేర్లూ రాస్తా చాచా," అని లేచాను.

జీవగ్రంథంలో మీ పేరుందా అని వీధుల్లో గొంతు చించుకునే నేను, ఒక్క పేరు రాయడానికి ఆదివారం దాకా ఆగమన్నాను. ఆ ఆదివారం కంటే ముందే శుక్రవారం వచ్చింది.

మట్టి ఇచ్చి వచ్చాక చాచా భార్య, మా చాచీ, ఆ పళ్ళెం నా చేతిలో పెట్టింది. "నువ్వొస్తవని సిరాబుడ్డి సుత తెప్పించి పెట్టిండ్రు," అంది.

గూట్లో చేపా ఉంది, కంకీ ఉంది. ఎవరివో చెప్పే మనిషి లేరు. నా బైబిలు పక్కన దానిమ్మ పళ్ళెం బోర్లా ఉంది. వేలితో తడిమితే నున్నగా, ఏమీ తగలదు.

ఆ పూలన్నీ ఎడమకు వాలి ఉంటాయి. మీ తాతో, మేనమామో ఆ దేవిడీలో పళ్ళాలకు రంగులు వేసి ఉంటే రండి. ఆదివారం కాదు, ఈ రోజే రండి. సిరాబుడ్డి మూత తీసి కూర్చున్నాను.