ప్రార్థన చేసి పంపిన మందు

ఈ మాట ఎన్నేళ్లుగా నా గొంతుకు అడ్డం పడి ఉందో మీరు ఊహించలేరు. అన్నం ముందు కూర్చుంటే గుర్తొచ్చేది. చర్చిలో మోకరిస్తే మరీ గుర్తొచ్చేది. దేవుడికి ఎలాగూ తెలుసు కదా అని ఆయనకు చెప్పడం మానేశాను. తెలియాల్సిన మనిషికి చెప్పే ధైర్యం లేకపోయింది. మీకు మాత్రం ఏదీ దాచకుండా చెప్తాను.

మచిలీపట్నంలో ఒక మిషన్ ఆసుపత్రి మందుల గది నా చేతుల్లో ఉండేది. విదేశాల్లోని చర్చిలవాళ్లు పంపే డబ్బుతో మందులు కొని, నెలనెలా దివిసీమ ఊళ్లకు వ్యాన్‌లో తీసుకెళ్లి ఉచితంగా ఇచ్చేవాళ్లం. ఎవరినీ ఏ మతమని అడిగేవాళ్లం కాదు. మంచి పని. ఇవాళ్టికీ అదే అంటాను. వ్యాన్ బయల్దేరే ముందు మందుల పెట్టెలు చర్చి మెట్ల మీద పెడితే, పాస్టరు గారు వాటి మీద చేతులుంచి ప్రార్థన చేసేవారు. కాసేపటి పని.

ఒక ఏడాది మే నెలలో, ఆ డబ్బు పంపేవాళ్లే చూడ్డానికి వచ్చారు. ప్రార్థన పొడుగైంది. పాటలు, శాలువాలు, ప్రసంగాలు, వాటికి తెలుగు అనువాదాలు. ఫొటోలో మందులు కనబడాలని మా ఆసుపత్రి డైరెక్టరు గారు ఐసుపెట్టె మూత కూడా తీయించారు. ఇన్సులిన్ అందులోనే ఉంది. బందరు ఎండ సంగతి మీకు తెలియంది కాదు. మూత వేయించండి అని ఒక్క మాట అంటే సరిపోయేది. అతిథుల ముందు డైరెక్టరు గారిని తప్పుపట్టినట్టు ఉంటుందని నోరు మెదపలేదు. అంతా అయ్యాక వెళ్లి చూస్తే ఐసు నీళ్లయిపోయింది. ఒక సీసా తీసి ఊపాను. పాలలా కలవాల్సిన మందులో పలుకులు తేలాయి.

దాన్ని పారేయాలి. అది తెలుసుకోవడమే నా చదువు, నా ఉద్యోగం. కానీ మా చేతులతోనే పంచుతామంటూ అతిథులు అప్పటికే వ్యాన్ ఎక్కి కూర్చున్నారు. గదిలో వేరే ఇన్సులిన్ లేదు. ఇంత ప్రార్థన చేసిన మందు పాడవుతుందా అనుకున్నాను. నిజంగా అలా నమ్మానా? లేదు. నా పిరికితనానికి ఏదో ఒక ముసుగు కావాలి కాబట్టి, చేతికి దగ్గరగా ఉన్న దేవుణ్ణి వాడుకున్నాను. మూత వేసి పంపించాను.

అవనిగడ్డ దాటాక ఒక ఊళ్లో నాంచారమ్మ ఉండేది. భర్త లేడు. పొలం పనులకు వెళ్లేది. ఆమె కూతురు శిరీష అప్పుడు బడికెళ్లే పిల్ల, రోజూ ఇన్సులిన్ పడకపోతే బతకదు. ఇంట్లో ఫ్రిజ్ లేదు. మట్టికుండలో తడి ఇసుక పోసి అందులో సీసా పెట్టుకోమని నేర్పింది నేనే.

కొద్ది రోజులకే శిరీషను స్పృహ లేకుండా మా ఆసుపత్రికి తెచ్చారు. బతికింది, డాక్టర్ల పుణ్యమా అని. ఆ వరండాలో నాంచారమ్మ నన్ను ఆపింది. సీసా ఆమె కొంగులోనే ఉంది, తడిగుడ్డ చుట్టి.

"మీరు చెప్పినట్టే పెట్టానండి. పూటపూటా నీళ్లు చల్లాను. అయినా ఇట్టా ఎందుకైందంటారు?"

"ఈ ఎండలకి కుండేం ఆగుతుందమ్మా" అన్నాను.

"అయితే నేనే పాడుచేశానా అండీ?"

కాదు. రెండక్షరాలు. అనలేకపోయాను.

"జరిగిందేదో జరిగింది. ఇక మీదట పిల్లని ఫ్రిజ్ ఉన్న ఇంట్లో ఉంచండి."

ఆమె ఆ మాటను అక్షరాలా పాటించింది. శిరీషను గుడివాడలో ఉన్న చెల్లెలి ఇంట్లో పెట్టింది. పిల్ల అక్కడే పెరిగి పెద్దదైంది. ఆ రోజు ఆ మందు తీసుకున్న మిగతావాళ్లకు ఏమైందో నాకు తెలియదు. కనుక్కోలేదు. అదీ నా తప్పే. మరుసటి నెల నుంచి వ్యాన్ కదిలేదాకా ఇన్సులిన్ ఫ్రిజ్ దాటకూడదని పట్టుబట్టాను. ఎంత జాగ్రత్త మనిషో అని అందరూ మెచ్చుకున్నారు. ఆ మెప్పు కూడా కిమ్మనకుండా తీసుకున్నాను. సిగ్గేస్తోంది.

మొన్న శిరీష మందులకు మా ఆసుపత్రికే వచ్చింది. పెళ్లయింది, ఇప్పుడామె గర్భిణి. తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లాలని ఆశ. తల్లే వద్దంటోందట. చూడ్డానికి వస్తుందట గానీ సాయంత్రం బస్సుకే తిరిగి వెళ్లిపోతుందట, మందు సీసా ముట్టుకోమంటే చేతులు వెనక్కి తీసుకుంటుందట. "మా అమ్మకి నేనంటే భయమండీ" అని నవ్వింది. ఆ నవ్వు నేను భరించలేకపోయాను. ఇంకా ఎవరి పరువు కాపాడుతున్నాను? ఆ డైరెక్టరు గారు పోయి చాలా కాలమైంది. మిగిలింది నా పరువొక్కటే. దాని కోసం ఆ పిల్ల పురుడు కూడా పరాయింట్లో జరగాలా? ఇక చాలు అనుకున్నాను.

మర్నాడే అవనిగడ్డ బస్సెక్కాను. నాంచారమ్మ వాకిట్లో మినుములు చెరుగుతోంది. గుర్తుపట్టి కుర్చీ వేసింది. కూర్చుంటే మళ్లీ మాట మారుస్తానేమోనని నిలబడే చెప్పాను. ఎండ, ఐసుపెట్టె, పలుకులు, వరండాలో నేను మింగేసిన మాట, అన్నీ. చేట పక్కన పెట్టింది.

"ఫ్రిజ్ కొన్నానండి" అంది. "కొని కూడా పిల్లని రమ్మనలేకపోయాను."

లోపలికి వెళ్లి ఫోన్ తెచ్చి, కూతురికి కలిపి నా చేతిలో పెట్టింది. "చెప్పండి."

చెప్పాను. మీ అమ్మ ఏదీ పాడుచేయలేదమ్మా, పాడైన మందని తెలిసీ పంపింది నేను, అన్నాను. క్షమించమని నేను అడగలేదు. అడిగే హక్కు లేదు. కానీ అబద్ధం ఇక నా దగ్గర లేదు, ఆ ఒక్కటీ చాలు నాకు.

నాంచారమ్మ నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. నాకు వీపు తిప్పి నిలబడి, "ఎప్పుడొస్తావే?" అని అడిగింది.